నలుసు చూడని వెలుతురు

శవాన్ని ఇంకా మంచం మీద నుంచి దించలేదు. గౌరీసు మందుల డబ్బాను నల్లగుడ్డ సంచిలో పెట్టి, సంచికి కుట్టిన రెండు తొడుగుల్లోకి చేతులు దూర్చి, తడుముకుంటూ మూత లోపల అంటించిన నలుసును గోటితో ఊడదీశాడు. వెలుతురు దూరని చిన్న డబ్బీలో వేసి బిగించాడు. సంచి చంకన పెట్టుకొని మోటారు సైకిలెక్కాడు.

“ఒరే, ఎక్కడికిరా?” మేనత్త సీతయ్యమ్మ వాకిట్లోంచి కేకేసింది. “పెళ్ళాం అలా పడుంటే!”

“బేగి వొచ్చెస్తాను.”

భీమిలి దాటాక సరుగుడు తోటల మధ్య ఉంది పరిశోధనశాల. గౌరీసు అక్కడ చిన్న శాస్త్రవేత్త. రెండు తలుపులు దాటి చీకటి గదిలోకి వెళ్ళాడు. చీకటి గది అని పేరే గాని అందులో గోడకు రెండు ఎర్ర దీపాలు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి. యంత్రం గూటిలో నలుసు పెట్టి నీలం దీపం మీట నొక్కాడు. ముల్లు లేచి చాలా దూరం వెళ్ళి ఆగింది.

ఆ నలుసు ఎర్ర ఇసుక రేణువు. చీకట్లో ఉన్నంతసేపూ తన ఒంట్లోని గుంటల్లో ఎలక్ట్రాన్లను పోగేసుకుంటుంది. వెలుతురు తగిలితే అవి లేచిపోతాయి, నలుసు ఖాళీ అవుతుంది. నీలం దీపం వేసి ఎంత కరెంటు కారిందో కొలిస్తే, అది ఎంతసేపటి నుంచి చీకట్లో ఉందో తెలిసిపోతుంది.

ముల్లు చెప్పింది ఇది: డబ్బా మూత ఆఖరిసారి తెరుచుకున్నది నిన్న పొద్దున. నిన్న పొద్దున మాత్ర ఇచ్చింది గౌరీసే. రాత్రి మాత్ర ఇవ్వాల్సింది మరదలు నూకాలు. తెల్లవారకముందే ఫిట్సు వచ్చి పైడమ్మ పోయింది.

ఇంటికి వచ్చేసరికి పైడమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. పసుపు గిన్నె పట్టుకొని అక్క పాదాల దగ్గర కూర్చుంది నూకాలు.

“రాత్రి మాత్ర ఇచ్చినావా?”

“ఇచ్చినాను.”

“ఇవ్వలేదు. నేను మూసిన మూత మళ్ళీ లేవలేదు.”

నూకాలు తలెత్తింది. “నీ రాయి సెప్పిందా?”

“అవును.”

“అయితే దాన్నే అడుగు, బావా. నన్నెందుకు?”

గౌరీసు ఆమె చేతిలోంచి పసుపు గిన్నె లాగేసుకున్నాడు. ముత్తైదువుగా పోయిన మనిషికి తోడబుట్టినది పసుపు రాయకుండా వీధిలో నిలబడింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. నలుసు చెప్పిందంటే అప్పటికి జిల్లాలో ఎవరూ ఎదురాడేవారు కాదు.

నలుసును కనిపెట్టినవాడు డాక్టర్ వేదాద్రి. పరిశోధనశాలకు పెద్ద. తీరంలో దొరికే ఎర్ర ఇసుకను కొలిమిలో ఎలా కాలిస్తే గంటల లెక్కన చీకటిని కొలవగలదో తేల్చినవాడు గౌరీసు. పత్రాల మీద పెద్దాయన పేరు పైన, చిన్నాయన పేరు కింద. లోకంలో అలాగే ఉంటుంది.

మొదట పరీక్ష పేపర్ల కట్టల్లో పెట్టారు. తరవాత బ్యాలెట్ పెట్టెల్లో. ఒక ఏడాది పేపర్లు బయటికి వచ్చాయి. కట్టల్లో నలుసులు మాత్రం నిండుగా ఉన్నాయి, అంటే ఎవరూ విప్పలేదు. అయితే దొంగ ప్రెస్సులోనే ఉండాలన్నారు. ప్రెస్సు గుమాస్తాను జైల్లో పెట్టారు. అతను కోర్టులో ఏడ్చాడు. వేదాద్రి నలుసు చూపించాడు. ఏడుపు కన్నా నలుసు గట్టిది.

ఆ తరవాత అవి బజారుకు వచ్చాయి. అత్తలు బియ్యం డబ్బాలకు అంటించారు, కోడళ్ళు అత్తల ట్రంకు పెట్టెలకు. హాస్టలు వార్డెన్లు పిల్లల పెట్టెలకు. సందు చివర యంత్రం పెట్టుకొని నలుసులు చదివిపెట్టే దుకాణాలు లేచాయి. పొద్దున్నే అక్కడ వరస. చదివించుకొని తిరిగి వెళ్ళేవాళ్ళలో నవ్వుతూ వెళ్ళినవాళ్ళు తక్కువ.

గౌరీసు అందరికన్నా ముందే తన ఇంట్లో అంటించాడు. ఇంట్లో ఎలా పనిచేస్తుందో చూడాలి అన్నాడు. బీరువాకు, పెరుగు అలమరకు, పైడమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న రేకుపెట్టెకు.

“నిన్న మజ్జానం పెట్టె తెరిచినావు. ఏటి తీసినావు?”

“రవిక.” పైడమ్మ వంకాయలు తరుగుతోంది. “నన్నడిగితే సెప్పనా? రాయినడిగి వొచ్చి నన్నడుగుతావేటి?”

“అది అబద్ధమాడదు.”

“నేనాడతానేటి?”

ఆమె కత్తిపీట మీద నుంచి లేచి వెళ్ళి పెట్టె తెచ్చి అతని ముందు పెట్టి మూత తీసి, మళ్ళీ వచ్చి కూరలు తరుక్కుంది. అతను లోపలికి చూశాడు. చీరలు, రవికలు. మూత వేసి కొత్త నలుసు అంటించాడు.

ఆమె ఒక్కసారే పరిశోధనశాలకు వచ్చింది, ఆయుధ పూజనాడు. ఆ రోజు ఇంటివాళ్ళను రానిస్తారు. చీకటి గదిలో నిలబడి ఈ ఎర్ర దీపాలేమిటని అడిగింది. అతను గొప్పగా చెప్పాడు. నీలం వెలుతురుకి నలుసు గుంటల్లోంచి ఎలక్ట్రాన్లను లేపే సత్తువ ఉంది, ఎర్ర వెలుతురుకి లేదు, అందుకే ఇక్కడ ఎర్రదే వాడతాం అని. ఆమె బుద్ధిగా విని, ఎర్రటి వెలుతురులో అతని మొహం చూసి, “రావణాసురుడిలా ఉన్నావు” అని నవ్వింది.

తరవాత ఆమెకు మెదడులో నరం చిట్లింది. ఎడమ చెయ్యి పడిపోయింది, ఫిట్సు మొదలయ్యాయి. పెద్దాసుపత్రిలో గుప్పెడు మాత్రలు కాగితం పొట్లంలో పోసి ఇచ్చారు. ఎవరూ లెక్కపెట్టలేదు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఒక్క పూట కూడా మానకూడదన్నారు. గౌరీసు వాటిని రేకు డబ్బాలో పోసి మూత లోపల నలుసు అంటించాడు. అతనికి రాత్రి డ్యూటీ. ఉప్పలవానిపాలెం ఉపకేంద్రంలో నర్సు చేస్తున్న నూకాలు వచ్చి అక్క దగ్గర ఉండిపోయింది. పెళ్ళి కాలేదు, అడిగేవాళ్ళు లేరు.

పొద్దుగూకితే చాలు, వెలుతురు కళ్ళలో గుచ్చుతోందనేది పైడమ్మ. కిటికీలకు పాత దుప్పట్లు కట్టించింది. వీధి దీపం కూడా లోపలికి రాకూడదంది. తలలో నరం చిట్లినవాళ్ళకు అలా ఉంటుందని డాక్టరు చెప్పాడు. పగలు ఎండలో కూర్చున్నప్పుడు మాత్రం ఏమీ అనేది కాదు. గౌరీసుకు అది వింతగా తోచలేదు. అనుమానించాల్సిన చోట అనుమానం రాలేదు.

దినం కూడా కాకముందే గౌరీసు ఫిర్యాదు రాశాడు. ఊరి నర్సు తన చేతి కింది రోగికి మందివ్వలేదు, నలుసు సాక్ష్యం ఉంది అని. విచారణకు జిల్లా నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. నెరిసిన జుట్టు, మెల్లగా మాట్లాడే మనిషి.

“రాత్రి మాత్ర ఇచ్చావా, అమ్మా?”

“ఇచ్చినానండి.”

“మరి డబ్బా తెరిచినట్టు లేదే?”

నూకాలు కొంగు అంచు సవరించుకుంది.

“చీకట్లో తడుముకుని ఇచ్చావా?”

“ఇచ్చినానండి. అంతకన్నా నానేం సెప్పను.”

“చెప్పకపోతే ఎలా? నీ ఉద్యోగం పోతుంది.”

నూకాలు గౌరీసు వైపు ఒక్కసారి చూసింది. మళ్ళీ నేల చూపులు. తప్పు చేసినదానిలాగే ఉంది. గౌరీసు అలాగే అనుకున్నాడు, అలా అనుకున్నందుకు కడుపు చల్లబడింది. పెళ్ళాం ఊరికే పోయిందంటే భరించలేడు. ఎవరో ఒకరు చంపారంటే భరించగలడు.

ఆమెను పనిలోంచి ఆపారు. ఆఖరి మాట తరవాతి వాయిదాకు అన్నారు. ఊళ్ళో తల్లులు ఆమె కనబడితే పిల్లలను లోపలికి పిలుచుకున్నారు. మొన్నటిదాకా ఆ పిల్లలందరికీ టీకాలు వేసిన చెయ్యి అది.

పైడమ్మ దినాలు అయ్యాయి. మైల ఉన్నన్నాళ్ళూ దేవుడి గూటికి తెర వేసి ఉంచారు. శుద్ధి అయిన సాయంత్రం సీతయ్యమ్మత్త ఇల్లు కడిగి, పటాలు తుడిచి, తెర తీసింది.

“ఒరే గౌరీసూ, దేవుడి కాడ బుగ్గ ఎలగట్లేదు. ఎవలో పీకేసినారు.”

“మైల అని నేనే పీకినాను.”

“మరి పెట్టు.”

అతను గూటిలోని చిన్న ఎర్ర బల్బును హోల్డరులో పెట్టి తిప్పాడు. ఇంకా గదిలో పెద్ద దీపం వెయ్యలేదు. కిటికీల దుప్పట్లు ఎవరూ విప్పలేదు. గది మొత్తం ఒక్కసారిగా ఎర్రబడింది.

గౌరీసు చెయ్యి హోల్డరు మీదే ఉండిపోయింది.

తన చీకటి గది అది. ఏళ్ళ తరబడి తను పనిచేసిన గది. అదే ఎరుపు, అదే మసక. అందులో అన్నీ కనబడతాయి: మంచం కోళ్ళు, చెంబు, అలమరలో మందుల డబ్బా. డబ్బా మీద అంటించిన కాగితం కూడా చదవగలిగేలా ఉంది. మనిషి మూత తీయగలడు, మాత్ర ఏరి తీయగలడు, నీళ్ళు తాగించగలడు. నలుసుకు మాత్రం అది చీకటే. ఎర్ర దీపాల కింద బతికి బతికి అతను వాటిని వెలుతురుగా లెక్కెయ్యడం మానేశాడు. ప్రతి ఇంట్లో దేవుడి దగ్గర వెలిగే బల్బు అతనికి గుర్తు రాలేదు. గుర్తొచ్చే అవకాశం కూడా మైల పేరుతో బల్బుతో పాటు తీసి అలమరలో పెట్టేశాడు.

“ఏటిరా అలా నిలబడిపోనావు? కరెంటు కొట్టినాదేటి?” అంది సీతయ్యమ్మత్త.

“లేదత్తా.”

“మొకం సూడు. కాఫీ ఎడతాను, తాగి కూకో.”

మర్నాడు పొద్దున డబ్బాకు కొత్త నలుసు అంటించి మూశాడు. సాయంత్రం ఎర్ర బల్బు కింద మూత తీసి, ఒక మాత్ర బయటికి తీసి, మళ్ళీ లోపల వేసి మూశాడు. ఆ మర్నాడు నల్లసంచితో పరిశోధనశాలకు వెళ్ళాడు. నీలం దీపం. ముల్లు లేచింది, నిండుగా. ఎవరూ తెరవలేదు అంది యంత్రం. తెరిచిన చెయ్యి యంత్రం పక్కనే ఉంది.

గౌరీసు వేదాద్రి గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళాడు.

“ఎర్ర దీపం కింద తెరిస్తే నలుసుకు తెలియదు.”

వేదాద్రి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “తెలియదు. ఇందులో కొత్తేముందయ్యా? తెలిస్తే మనం ఆ గదిలో పనెలా చేస్తాం?”

“కొన్నవాళ్ళకి చెప్పారా?”

“వాళ్ళు అడగలేదు.”

“పరీక్ష పేపర్ల వాళ్ళు?”

“వాళ్ళూ అడగలేదు.”

“ఆ ప్రెస్సు గుమాస్తా జైల్లో ఉన్నాడు సార్.”

“అతను దొంగ కాదని నువ్వు చెప్పగలవా?” వేదాద్రి అద్దాలు పెట్టుకున్నాడు. గొంతు పెంచలేదు. “నువ్వూ ఆ గదిలో ఉన్నవాడివే. ఇన్నేళ్ళు నువ్వెందుకు చెప్పలేదు? నాకు తోచలేదంటావు. నాకూ తోచలేదు. ఇద్దరికీ తోచలేదని రాసుకుందాం. వచ్చే నెల ఎన్నికలు. పెట్టెలన్నీ నలుసులతో ఉన్నాయి. ఎర్ర లైటు చాలు అని తెలిస్తే ఈ జిల్లాలో ఒక్క పెట్టె మీదైనా నమ్మకం మిగులుతుందా? ఇంటికెళ్ళు. భార్య పోయిన బాధలో ఉన్నావు.”

గౌరీసు ఆ మొహం కేసి చూశాడు. మనిషికి తెలియలేదా, తెలిసి ఊరుకున్నాడా? కొలవడానికి యంత్రం లేదు. బయటికి వచ్చేశాడు. బల్ల సొరుగులోంచి యంత్రాల్లో చిన్నది ఒకటి తీసి సంచిలో వేసుకున్నాడు. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. గేటు మనిషి నమ్మకస్థుడు, లేదా నిద్రలో ఉన్నాడు.

వాయిదా రోజున విచారణ గదిలో కిటికీలు మూయించాడు. సంచిలోంచి ఇంటి నుంచి తెచ్చిన ఎర్ర బల్బు తీసి హోల్డరులో పెట్టాడు. పొద్దున డాక్టరమ్మ ఎదుటే నలుసు అంటించి మూసిన డబ్బా బల్ల మీద ఉంది.

“నా చేతిలో ఇదేటో కనపడుతోందా అండీ?”

“కనబడుతోంది. మాత్ర. నువ్వు డబ్బాలోంచి తీశావు.”

“మీరు చూశారు కదా.” డబ్బాను నల్లసంచిలోకి దింపి నలుసు ఊడదీశాడు. యంత్రంలో పెట్టాడు. “ఇప్పుడు దీన్ని అడగండి.”

ముల్లు లేచింది. ఎవరూ తెరవలేదు.

డాక్టరమ్మ కిటికీ తానే వెళ్ళి తెరిచింది. “మా ఆసుపత్రి మందుల గదికి ఇవే నలుసులయ్యా” అంది. తరవాత నూకాలు వైపు తిరిగింది. “పనిలో చేరు, అమ్మా. రేపటి నుంచే. ఆ ఎర్ర బల్బు మాట మొదటే చెబితే ఇంత దూరం వచ్చేది కాదు కదా.”

“మీరు పెద్దోలు. క్షమించీయండి” అంది నూకాలు. గౌరీసు వైపు చూడలేదు.

బయట బస్సు కోసం ఆమె సరుగుడు చెట్టు నీడన నిలబడింది. గౌరీసు వెనకాలే వచ్చాడు. చేతిలో డబ్బా.

“ఎందుకు సెప్పలేదు? ఎర్ర బుగ్గ కింద ఇచ్చినానని ఒక్క ముక్క అంటే సరిపోయేది కదా.”

“అంటే ఎందుకని అడుగుతారు.”

“కళ్ళనొప్పి అని సెప్పొచ్చు.”

“కళ్ళనొప్పి లేదు, బావా.”

ఒక లారీ దుమ్ము రేపుకుంటూ పోయింది. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, పోయాక తీసింది.

“అక్క కళ్ళకేటీ లేదు. నేను వొచ్చిన మొదటి రోజే డబ్బా మూత తీసి లోపల నీ నలుసు సూపించింది. ‘నన్ను కాపలా కాస్తన్నాడే. సచ్చిపోతన్నదాన్ని కూడా కాస్తన్నాడు’ అంది. పెద్ద లైటు తీసీయమంది. దేవుడి బుగ్గకి ఆ రాయి గుడ్డిదంట, నువ్వే సెప్పినావంట, ఆయుధ పూజనాడు. ‘రోజుకొక్క మాత్రయినా నా మొగుడికి తెలీకుండా మింగుతానే’ అని నవ్వింది. మూతి ఓ పక్కకి ఎల్లిపోయినా నవ్వింది.” నూకాలు గొంతు మామూలుగానే ఉంది. “ఈ మాట ఆ డాక్టరమ్మ ముందు సెప్పమంటావా? మా అక్క మొగుడు ఇలాటోడని ఊరందరి ముందు సెప్పమంటావా? ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను.”

ఆ రోజుల్లో గౌరీసు పొద్దున డ్యూటీ దిగి వచ్చి నలుసు చదివి ఉంటే, రాత్రి మాత్రలు అందడం లేదని యంత్రం రోజూ చెప్పేది. అతను చదవలేదు. పెళ్ళాం బతికున్నంత కాలం కాపలా పెట్టడమే సరిపోయింది. పోయాకే చదివాడు.

“నూకాలూ.”

“ఏటి?”

“ఆ రోజు... ఆ ఆఖరు రాత్రి. నిజంగా మింగిందా?”

బస్సు మలుపు తిరుగుతూ కనిపించింది. నూకాలు అతని మొహంలోకి చాలాసేపు చూసింది. కోపం లేదు. రోగిని చూసినట్టు, నాలుక, కనురెప్పలు పరీక్షించినట్టు చూసింది. తరవాత సంచి భుజాన వేసుకొని, చెయ్యెత్తి బస్సు ఆపి, ఎక్కింది. ఇటు కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా, గౌరీసు కనబడని అటు వైపు సీట్లో కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి పొద్దుగూకుతోంది. సీతయ్యమ్మత్త తన ఊరు వెళ్ళిపోయింది. కిటికీలకు దుప్పట్లు అలాగే ఉన్నాయి. గౌరీసు బల్బు గూటిలో పెట్టి తిప్పాడు. గది ఎర్రబడింది.

మరదలు చెప్పింది నిజం కావచ్చు. తప్పించుకోవడానికి ఇన్నాళ్ళు తీరిగ్గా అల్లింది కావచ్చు. ఎర్ర దీపం కింద తెరవవచ్చని రుజువైంది, తెరిచారని కాదు. నవ్వింది అంటోంది. ఆ నవ్వు పైడమ్మదేనని గౌరీసుకు తెలుసు. తెలిసినా చాలలేదు.

మంచం మీద కూర్చొని డబ్బా మూత తీశాడు. మాత్రలన్నీ దుప్పటి మీద బోర్లించాడు. ఎర్ర వెలుతురులో అవి చిన్న గులకరాళ్ళలా ఉన్నాయి. ఒక్కొక్కటీ వేలితో పక్కకు జరుపుతూ లెక్కపెట్టాడు. మొదట ఎన్ని ఇచ్చారో ఎవరికీ తెలియదు, అతనికీ తెలియదు. అన్నీ ఒక పక్కకు చేరాక కాసేపు వాటిని చూస్తూ ఉన్నాడు. మళ్ళీ కుప్పగా కలిపి, మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.